లేన్ కిఫిన్ ఓల్ మిస్ వదిలి ఎల్‌ఎస్‌యూకి పోతున్నాడా? ఆధారాలతోనే మాట్లాడుకుందాం

ఎర్రజెర్సీ · 2025 నవంబర్ 22, శనివారం

ఈ వారం ఓల్ మిస్‌కి (ఆక్స్‌ఫర్డ్‌లోని మిసిసిపీ విశ్వవిద్యాలయం జట్టు) ఆట లేదు. అయినా అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ చూసేవాళ్లందరి నోటా ఆ జట్టు మాటే. నిన్న ఓల్ మిస్ అథ్లెటిక్ డైరెక్టర్ (వర్సిటీ ఆటల విభాగం అధిపతి) కీత్ కార్టర్ ఒక ప్రకటన ఇచ్చారు. మిసిసిపీ స్టేట్‌తో ఏటా ఆడే ఎగ్ బౌల్ ముగిసిన మర్నాడు, అంటే 29న, కోచ్ కిఫిన్ సంగతి తేలుతుందట. పది గెలిచి ఒక్కటి ఓడి, జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్ గుమ్మం ముందు నిలబడ్డ జట్టు ఇది. అలాంటి జట్టు "మా కోచ్ ఉంటాడో పోతాడో వచ్చే శనివారం చెప్తాం" అనాల్సి వచ్చింది. ఆ పిల్లల పరిస్థితి తలుచుకుంటే బాధగా ఉంది.

తెలిసినంతవరకు ఇదీ సంగతి. ఫ్లోరిడా అక్టోబర్ 19న కోచ్ బిల్లీ నేపియర్‌ని తీసేసింది. ఎల్‌ఎస్‌యూ (లూయిసియానా స్టేట్ యూనివర్సిటీ) అక్టోబర్ 25న సొంత మైదానంలో టెక్సస్ ఏ అండ్ ఎం చేతిలో 49–25తో ఓడి, మర్నాడే కోచ్ బ్రయన్ కెల్లీని పంపించేసింది. ఇప్పుడు ఇద్దరికీ కిఫినే కావాలి. ఆయన కుటుంబసభ్యులు ఫ్లోరిడా వర్సిటీ ఉన్న గెయిన్స్‌విల్, ఎల్‌ఎస్‌యూ ఉన్న బాటన్ రూజ్ రెండూ చూసొచ్చారని అక్కడి విలేకరులు రాశారు.

ఇక్కడ రాసేవాళ్లకి ఒక్క విన్నపం. ఎవరు చెప్పారు, ఏం చూసి చెప్పారు అన్నది రాయండి. "మా వాళ్లకి తెలిసినవాళ్లు అన్నారు" లాంటివి వద్దు.

కరీంనగర్_క్వార్టర్‌బ్యాక్ · నవంబర్ 22

నాకు అసలు అర్థం కానిది ఒకటుందన్నా. గెలుస్తున్న జట్టును ఇడిసిపెట్టి, కోచ్‌ను మధ్యలనే ఎళ్లగొట్టిన జట్టుకు ఎందుకు పోతడు? అదీ సెప్టెంబర్ 27న ఆక్స్‌ఫర్డ్‌ల తనే 24–19తో ఓడించిన జట్టుకు?

నాలుగో_డౌన్ · నవంబర్ 22

తమ్ముడూ, కోచ్ చూసేది ఈ ఏడాది పట్టిక కాదు, రాబోయే పదేళ్లు. ఎల్‌ఎస్‌యూలో నిక్ సేబన్ 2003లో, లెస్ మైల్స్ 2007లో, ఎడ్ ఓర్జెరాన్ 2019లో జాతీయ టైటిల్ కొట్టారు. వరసగా ముగ్గురు కోచ్‌లు, ముగ్గురూ కొట్టారు. ఓల్ మిస్ 1963లో ఎస్‌ఈసీ (రెండు జట్లూ ఆడే సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్, అంటే జట్ల సమూహం) టైటిల్ గెలిచాక ఇప్పటిదాకా మళ్లీ గెలవలేదు. ఎల్‌ఎస్‌యూ టైగర్ స్టేడియంలో 1,02,321 సీట్లు. ఓల్ మిస్ స్టేడియం వాట్–హెమింగ్‌వేలో 64 వేల పైచిలుకు.

సీట్ల కన్నా పెద్ద విషయం పిల్లలు. లూయిసియానాలో హైస్కూల్ ఆటగాళ్ల పంట మెండు, ఆ రాష్ట్రంలో ఎస్‌ఈసీ జట్టు ఒక్కటే. మిసిసిపీలో ఉన్న పంటనే ఓల్ మిస్, మిసిసిపీ స్టేట్ పంచుకోవాలి. అందుకే కిఫిన్ ఆక్స్‌ఫర్డ్‌లో జట్టును ఎక్కువగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (వర్సిటీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి కట్టాడు. ఈ ఏడాది ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ ట్రినిడాడ్ చాంబ్లిస్ కింది స్థాయి డివిజన్ 2లోని ఫెరిస్ స్టేట్ నుంచి వచ్చాడు. అలాంటి ఎంపిక ఒక ఏడాది అద్భుతంగా కుదురుతుంది. ప్రతి ఏడాదీ కుదరాలంటే కష్టం.

అయినా ఒకప్పుడున్నంత తేడా ఇప్పుడు లేదని నా నమ్మకం. ఆటగాళ్లకి వర్సిటీలు డబ్బివ్వడం మీద హౌస్ కేసులో కుదిరిన ఒప్పందం ప్రకారం 2025 జులై 1న మొదలైన ఏడాదిలో ఏ విద్యాసంస్థ అయినా ఆటగాళ్లకి నేరుగా పంచగలిగేది 20.5 మిలియన్ డాలర్లే. అది అన్ని ఆటలకీ కలిపి. ఆ పరిమితి అందరికీ ఒకటే. ఆ పైన బూస్టర్లు (జట్టుకి డబ్బిచ్చే అభిమానులు), వ్యాపార ప్రకటనల ద్వారా ఎంత తేగలరన్నదే తేడా.

సీమ_లైన్‌బ్యాకర్ · నవంబర్ 22

కాంట్రాక్టు ఉంది కదా. ఐపీఎల్‌లో హార్దిక్ గుజరాత్ నుంచి ముంబైకి పోవాలంటే గుజరాత్ ఒప్పుకోవాల్సొచ్చింది. ఇక్కడ ఓల్ మిస్ "పంపం" అంటే కిఫిన్ ఏం చేస్తాడు?

బయౌట్_లెక్కలు · నవంబర్ 23, ఆదివారం

ఐపీఎల్‌తో పోలిక ఇక్కడే చెడుతుంది సీమ గారూ. ఇక్కడ పాత జట్టు అనుమతి అక్కర్లేదు. కోచ్ డబ్బు కట్టి వెళ్లిపోవచ్చు. ఆ డబ్బే బయౌట్. దీని మీద గందరగోళం ఎక్కువ కాబట్టి కాస్త విడమరిచి రాస్తా.

బయౌట్ రెండు దిక్కులా ఉంటుంది. కోచ్‌ని తప్పు లేకుండా తీసేస్తే వర్సిటీ కోచ్‌కి కట్టాలి. కోచ్ తనంతట తాను పోతే వర్సిటీకి ఆయన కట్టాలి. పత్రికల్లో "50 మిలియన్ల బయౌట్" అని వచ్చేది దాదాపు ఎప్పుడూ మొదటి రకమే. రెండో రకం చాలా చిన్నది, ఏడాదేడాదికీ తగ్గుతుంది కూడా. తగ్గే తేదీ కాంట్రాక్టులోనే రాసి ఉంటుంది. పుకార్లు ఆ తేదీ చుట్టూ ముసురుకోవడం మామూలే. పైగా రెండో రకం డబ్బు కోచ్ జేబులోంచి పోదు, కొత్త వర్సిటీయే కడుతుంది. అయితే అలా కట్టిన సొమ్ము కోచ్ ఆదాయంగా లెక్కలోకి వస్తుంది కాబట్టి, ఆ పన్ను కూడా ఎవరు భరించాలో కొత్త ఒప్పందంలో ముందే తేల్చుకుంటారు.

కాంట్రాక్టు పీడీఎఫ్ చేతికొస్తే జీతం పేజీ తర్వాత చూడండి. నేను ముందు వెతికేవి:

కోచ్ తనంతట తాను మానుకుంటే ఏం కట్టాలన్న క్లాజు. అందులో కొన్నిసార్లు అదే కాన్ఫరెన్స్‌లోని జట్టుకి పోతే ఎక్కువ అని విడిగా ఉంటుంది.

వేరే వర్సిటీతో మాట్లాడే ముందు అథ్లెటిక్ డైరెక్టర్‌కి చెప్పాలన్న క్లాజు. దీన్ని ఏజెంట్ ద్వారా దాటేస్తారు. ఏజెంట్ మాట్లాడితే కోచ్ మాట్లాడినట్టు కాదని వాదన. కిఫిన్ ఏజెంట్ జిమ్మీ సెక్స్‌టన్. ఈ రంగంలో పేరుమోసిన కోచ్‌లు ఎందరో ఆయన దగ్గరే ఉన్నారు. ఒకే మనిషి ఖాళీ ఉన్న చోటా, కోచ్ ఉన్న చోటా మాట్లాడగలడు.

తీసేశాక కోచ్ వేరే ఉద్యోగం వెతుక్కోవాలా, ఆ జీతం బయౌట్‌లోంచి మినహాయించాలా అన్న క్లాజు. జింబో ఫిషర్ టెక్సస్ ఏ అండ్ ఎం కాంట్రాక్టులో ఈ మినహాయింపు లేదు. 2023 నవంబర్‌లో ఆయన్ని తీసేసినప్పుడు 75 మిలియన్లు దాటిన భారం పడింది. కెల్లీ కాంట్రాక్టులో మినహాయింపు ఉంది. మిగిలిన సొమ్ములో 90 శాతం లెక్కన ఎల్‌ఎస్‌యూ బాకీ దాదాపు 54 మిలియన్లు.

ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. మిసిసిపీ చట్టం ప్రకారం రాష్ట్ర సంస్థ ఎవరికీ నాలుగేళ్లకి మించి కాంట్రాక్టు ఇవ్వకూడదు. ఎల్‌ఎస్‌యూ కెల్లీకి 2021లో పదేళ్లు ఇచ్చింది, 95 మిలియన్లతో. కార్టర్ ఎంత మంచి మనసుతో కూర్చున్నా ఏడేళ్ల కాగితం బల్ల మీద పెట్టలేరు. డబ్బు సమానంగా ఇచ్చినా ఏళ్లు ఇవ్వలేరు. ఈ బేరంలో ఓల్ మిస్‌కి అదే అసలు బలహీనత.

కరీంనగర్_క్వార్టర్‌బ్యాక్ · నవంబర్ 23

కట్టకుండ పోయినోళ్లున్నరా?

బయౌట్_లెక్కలు · నవంబర్ 23

ప్రయత్నించినవాళ్లున్నారు. 2007 డిసెంబర్‌లో రిచ్ రోడ్రిగెజ్ వెస్ట్ వర్జీనియా నుంచి మిషిగన్ వెళ్లాడు. బయౌట్ 4 మిలియన్లు. కట్టనన్నాడు, వెస్ట్ వర్జీనియా కోర్టుకెక్కింది. 2008 జులైలో రాజీ కుదిరింది. 2.5 మిలియన్లు మిషిగన్, 1.5 మిలియన్లు ఆయన. నాలుగుకి నాలుగూ కట్టాల్సొచ్చింది.

రన్‌వే_కాకి · నవంబర్ 23

పొద్దున్నుంచి విమానాల జాడ చూపే సైట్ల బొమ్మలు తెగ తిరుగుతున్నాయి. వాటిని ఎలా చదవాలో చెప్తాను, లేకపోతే ప్రతి చుక్కా కిఫినే అనిపిస్తుంది.

అమెరికాలో రిజిస్టరైన విమానం తోక మీద ఎన్‌తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆ నంబరుతో ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) రిజిస్ట్రీలో యజమాని పేరు చూడొచ్చు. చాలాసార్లు అక్కడ కనిపించేది ఏదో ఎల్‌ఎల్‌సీయో ట్రస్టో. యజమాని కోరితే ఎఫ్‌ఏఏ లాడ్ అనే జాబితాలో చేర్చి వివరాలు దాస్తుంది. ఫ్లైట్‌అవేర్ సైటు ఆ జాబితాను పాటిస్తుంది. ఏడీఎస్‌బీ ఎక్స్ఛేంజ్ పాటించదు. అందుకే ఒకచోట కనపడని విమానం ఇంకోచోట కనపడుతుంది. అంతేగాని అది "రహస్య విమానం" కాదు.

ఆక్స్‌ఫర్డ్ విమానాశ్రయం కోడ్ యూఓఎక్స్, చిన్నది. సిగ్నల్ పట్టే రిసీవర్లు దూరంగా ఉంటే విమానం కిందికి దిగేటప్పుడు గీత మధ్యలోనే తెగిపోతుంది. నేలకి రెండు మూడు వేల అడుగుల ఎత్తులో గీత ఆగిందంటే ఆక్స్‌ఫర్డ్‌లో దిగిందని ఖాయం కాదు. దగ్గర్లోని టుపెలోలోనూ దిగి ఉండొచ్చు. మళ్లీ ఎక్కడ లేచిందో చూశాకే చెప్పాలి.

నేల మీద ఎంతసేపుందో చూడండి. ఇరవై నిమిషాలుంటే ఎవరినో దించడమో ఎక్కించుకోవడమో. ఐదారు గంటలుంటే వచ్చినవాళ్లు పని చూసుకుని వెనక్కెళ్లారని. సొంతగడ్డ మీద ఆట ఉన్న శనివారం ఆక్స్‌ఫర్డ్‌లో బూస్టర్ల జెట్లు బారులు తీరి ఉంటాయి, ఆ రోజు చుక్కలకి విలువ లేదు. ఆట లేని వారంలో, మంగళవారం రాత్రి బాటన్ రూజ్ నుంచి వచ్చి వెళ్లిన దానికి విలువుంది.

అంతా చూశాక కూడా విమానం చెప్పేది ఒకటే: ఎవరో ఎక్కడికో వెళ్లారు. సంతకం సంగతి చెప్పదు.

పాత_ప్రెస్‌బాక్స్ · నవంబర్ 24, సోమవారం

2022 నవంబర్ గుర్తుందా? కిఫిన్ ఆబర్న్‌కి పోతున్నాడని ఒక టీవీ విలేకరి ఖాయంగా చెప్పేశాడు. ఆయన పోలేదు. ఓల్ మిస్‌లోనే కాంట్రాక్టు పెంచుకున్నాడు, ఆబర్న్ హ్యూ ఫ్రీజ్‌ని తెచ్చుకుంది. ఈసారీ అంతే అవుతుందని అనుకునేవాళ్లు ఎక్కువగానే ఉన్నారు.

కానీ అప్పటికీ ఇప్పటికీ తేడా చూడండి. అప్పుడు ఒక్క చోటి నుంచి వచ్చిన ఒక్క వార్త. ఇప్పుడు మూడు ఊళ్ల విలేకరులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే మాట రాస్తున్నారు. పైగా సొంత అథ్లెటిక్ డైరెక్టరే తేదీ ప్రకటించారు.

కోచ్‌లు "లేదు" అన్నదాన్ని ఎంతవరకు నమ్మాలో పాత లెక్కలు చెప్తాయి. నన్ను ఇక్కడి నుంచి పైన్ చెక్క పెట్టెలో మోసుకుపోవాల్సిందే అన్న ధోరణిలో 1998లో టామీ టబర్‌విల్ మాట్లాడాడు. రోజులు తిరక్కుండానే ఓల్ మిస్ నుంచి ఆబర్న్‌కి వెళ్లాడు. తాను అలబామా కోచ్‌ని కాబోనని అప్పటి మయామీ డాల్ఫిన్స్ కోచ్ సేబన్ 2006 డిసెంబర్ 21న చెప్పాడు. జనవరి 3న అలబామా కోచ్. 2021 నవంబర్ 27న ఓక్లహోమా కోచ్ లింకన్ రైలీ ఎల్‌ఎస్‌యూ కోచ్‌గా వెళ్లనన్నాడు. మాట తప్పలేదు, మర్నాడు యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా వర్సిటీ) వెళ్లాడు! ఆ మాటలో కాదన్నది ఎల్‌ఎస్‌యూని మాత్రమేనని ఆ రాత్రి ఎవరూ పట్టుకోలేదు.

పుకారు నిజంగా చచ్చేది సంతకంతోనే. పెన్ స్టేట్‌లో ఖాళీ రాగానే ఇండియానా ఏం చేసింది? అక్టోబర్‌లోనే తన కోచ్ కర్ట్ సిగ్నెటీకి ఎనిమిదేళ్లు, ఏడాదికి సగటున 11.6 మిలియన్లు కాగితం మీద పెట్టేసింది. ఆ తర్వాత ఆయన పేరు ఎక్కడా వినపడలేదు. కిఫిన్ ముందు ఓల్ మిస్ కాగితం ఉందంటున్నారు, ఆయన సంతకం పెట్టడం లేదు. నేను చూసే సూచన అదొక్కటే.

సీమ_లైన్‌బ్యాకర్ · నవంబర్ 24

టెనెసీ సంగతి కూడా చెప్పండి. 2010 జనవరిలో ఒక్క సీజన్‌కే వదిలేసి యూఎస్‌సీకి పోయిన మనిషి ఈయన. ఆ రాత్రి టెనెసీ వర్సిటీ ఉన్న నాక్స్‌విల్‌లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు.

నాలుగో_డౌన్ · నవంబర్ 24

అది పదిహేనేళ్ల కిందటి మాట సీమ. 2013లో యూఎస్‌సీ ఆయన్ని విమానం దిగగానే విమానాశ్రయంలోనే తీసేసింది. తర్వాత అలబామాలో సేబన్ దగ్గర మూడేళ్లు, ఫ్లోరిడా అట్లాంటిక్‌లో మూడేళ్లు, ఓల్ మిస్‌లో ఇది ఆరోది. మనిషి కుదురుకున్నాడని ఆక్స్‌ఫర్డ్ జనం నమ్మారు. ఆ నమ్మకం తప్పని ఇంకా ఎవరూ నిరూపించలేదు.

సైనింగ్‌డే · నవంబర్ 25, మంగళవారం

ఎందుకు ఇప్పుడే, ప్లేఆఫ్ అయ్యాక ఎందుకు కాదు అని చాలామంది అడుగుతున్నారు. క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడండి.

డిసెంబర్ 3న వర్సిటీల్లో చేరబోయే హైస్కూల్ పిల్లల సంతకాలు మొదలవుతాయి. డిసెంబర్ 7న ప్లేఆఫ్ జట్ల ప్రకటన. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ జనవరి 2 నుంచి 16 వరకు. ఇదివరకు వసంతంలో రెండో అవకాశం ఉండేది, ఈసారి తీసేశారు. జాతీయ ఫైనల్ జనవరి 19న.

ఎల్‌ఎస్‌యూ జనవరి 20 దాకా ఆగిందనుకోండి. డిసెంబర్ సంతకాలకి హెడ్ కోచ్ ఉండడు, పోర్టల్ మూసేస్తారు, ఏడాది మొత్తం చేజారిపోతుంది. అందుకే ఖాళీ ఉన్న వర్సిటీ నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ వారాంతానికల్లా తేల్చమంటుంది. అటు ఓల్ మిస్ కూడా ఆగలేదు. డిసెంబర్ 3న సంతకం పెట్టే పిల్లాడి తల్లి "మా వాడికి కోచ్ ఎవరు?" అని అడుగుతుంది. దానికి జవాబు కావాలి.

కోచ్ మారితే ఆటగాళ్లకి విడిగా పోర్టల్ అవకాశం ఉంటుంది. ఇదివరకు 30 రోజులు. ఇప్పుడు 15 రోజులే, అదీ కొత్త కోచ్‌ని ప్రకటించిన ఐదు రోజుల తర్వాత మొదలు. పిల్లలు కొత్త కోచ్‌తో ఓసారి మాట్లాడాకే నిర్ణయించుకోవాలని ఈ మార్పు. దీన్నిబట్టి చూస్తే ఖాళీ ఏర్పడిన గంటలోనే లోపలివాణ్ణి హెడ్ కోచ్ చేయడం వర్సిటీకి లాభం.

తప్పు కిఫిన్‌ది ఎంతో క్యాలెండర్‌ది అంతకన్నా ఎక్కువ. ఒకే నెలలో నియామకాలు, సంతకాలు, ప్లేఆఫ్ పెట్టినవాళ్లు దీన్ని ముందే చూసి ఉండాల్సింది.

బయౌట్_లెక్కలు · నవంబర్ 27, గురువారం

ఒక చిన్న వార్త, పెద్ద అర్థం. కెల్లీకి 54 మిలియన్లు ఇవ్వాల్సిందేనని ఎల్‌ఎస్‌యూ నిన్న రాతపూర్వకంగా ఒప్పుకుంది. తనని లాంఛనంగా తొలగించనే లేదని ఎల్‌ఎస్‌యూ వాదిస్తోందంటూ కెల్లీ ఈ నెలలోనే కోర్టుకెళ్లాడు. ఈ గొడవ మధ్యలో అథ్లెటిక్ డైరెక్టర్ స్కాట్ వుడ్‌వర్డ్ పదవి వదిలారు, లూయిసియానా గవర్నర్ జెఫ్ లాండ్రీ కెల్లీ కాంట్రాక్టునే బహిరంగంగా తప్పుపట్టారు. ఇప్పుడు వెర్జ్ ఆస్‌బెరీ ఆ కుర్చీలో ఉన్నారు.

దీనికీ కిఫిన్‌కీ సంబంధం ఏమిటంటారా? రేపు తీసేస్తే డబ్బు ఇస్తారో లేదో తెలియని చోట ఏ ఏజెంటూ తన కోచ్‌ని సంతకం పెట్టనివ్వడు. ఎగ్ బౌల్‌కి రెండు రోజుల ముందు ఆ ముడి విప్పారంటే బేరం చివరికొచ్చిందని నా అంచనా.

ఎర్రజెర్సీ · నవంబర్ 28, శుక్రవారం

38–19. స్టార్క్‌విల్‌లో ఎగ్ బౌల్ గెలిచాం. పదకొండు గెలుపులు, ఒక్క ఓటమి. రెగ్యులర్ సీజన్‌లో పదకొండు గెలవడం ఓల్ మిస్ చరిత్రలో ఇదే మొదటిసారి. హైదరాబాద్ నుంచి చూసేవాళ్లకి రాత్రి పదిన్నరకి మొదలైంది కాబట్టి ఇప్పటికీ మేలుకునే ఉంటారు. ఈ ఒక్క రాత్రి పుకార్లు పక్కన పెట్టి ఆ కుర్రాళ్ల గురించి మాట్లాడుకుందాం.

రన్‌వే_కాకి · నవంబర్ 29, శనివారం

ఈరోజు ప్రకటన రావాలి. రాలేదు. రేపటికి వాయిదా.

పాత_ప్రెస్‌బాక్స్ · నవంబర్ 30, ఆదివారం

ఖాయం. కిఫిన్ ఎల్‌ఎస్‌యూకి. ఏడేళ్లు, ఏడాదికి దాదాపు 13 మిలియన్లు, మొత్తం 91 మిలియన్ల దాకా అంటున్నారు. డిఫెన్స్ కోఆర్డినేటర్ పీట్ గోల్డింగ్‌ని ఓల్ మిస్ ఇవాళే హెడ్ కోచ్‌గా ప్రకటించింది. తాత్కాలికం కాదు, పూర్తిగానే.

ప్లేఆఫ్‌లో ఓల్ మిస్‌కి తానే కోచింగ్ ఇస్తానని కిఫిన్ అడిగాడు. కార్టర్ కుదరదన్నారు. జట్టు కూడా కోరిందని కిఫిన్ తన ప్రకటనలో రాశాడు. అది నిజం కాదని కొందరు ఆటగాళ్లు బహిరంగంగానే రాశారు.

రన్‌వే_కాకి · నవంబర్ 30

ఆక్స్‌ఫర్డ్ విమానాశ్రయం వీడియో చూశారా? కంచె పొడవునా జనం. జట్టు చొక్కాలు వేసుకుని, ఫోన్లు పైకెత్తి, బండ్లు మెట్ల దగ్గరికి వస్తుంటే గట్టిగా అరుస్తున్నారు. ఈసారి ట్రాకర్ అవసరమే లేకపోయింది. అంతా కళ్లముందే జరిగింది.

కరీంనగర్_క్వార్టర్‌బ్యాక్ · డిసెంబర్ 1, సోమవారం

ప్లేఆఫ్ దాంక ఉండనియ్యాల్సింది గదా? పదకొండు గెలిపించినోడు. పిల్లల కష్టం ఏం గావాలె?

నాలుగో_డౌన్ · డిసెంబర్ 1

పిల్లల కోసమే వద్దన్నారు తమ్ముడూ. ఆచరణలో ఏమవుతుందో ఊహించు. హెడ్ కోచ్ దగ్గర ఉండేవి ఏమిటి? ఏ ఆటగాడికి ఎంత ఇస్తున్నారు, ఎవరి ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, ఎవరు అసంతృప్తిగా ఉన్నారు, ఏ హైస్కూల్ పిల్లాడికి ఏం మాటిచ్చారు. ఇవన్నీ తెలిసిన మనిషి పగలు ఓల్ మిస్ గదిలో కూర్చుని, రాత్రి ఎల్‌ఎస్‌యూ కోసం ఫోన్లు చేయాలి. ఇద్దరూ ఒకే కాన్ఫరెన్స్, ఏటా తలపడేవాళ్లు. జనవరి 2న పోర్టల్ తెరిచేనాటికి ఆ గదిలోని ఆటగాళ్లే ఆయన కొనుగోలు జాబితా అవుతారు. ఇంత ముప్పు ఏ అథ్లెటిక్ డైరెక్టర్ నెత్తికెత్తుకుంటాడు?

1989లో మిషిగన్ బాస్కెట్‌బాల్‌లో ఇలాగే జరిగింది. బిల్ ఫ్రీడర్ టోర్నమెంట్ ముందు అరిజోనా స్టేట్‌కి ఒప్పుకున్నాడు. అథ్లెటిక్ డైరెక్టర్ బో షెంబెక్లర్ ఆయన్ని అప్పటికప్పుడే పక్కన పెట్టి, అసిస్టెంట్ స్టీవ్ ఫిషర్‌కి జట్టు ఇచ్చాడు. ఆ జట్టే జాతీయ టైటిల్ గెలిచింది.

సీమ_లైన్‌బ్యాకర్ · డిసెంబర్ 1

ఒక భయం ఉంది. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13–0తో ఉన్నా క్వార్టర్‌బ్యాక్ గాయం చూపించి ప్లేఆఫ్ జట్లని ఎంచే కమిటీ పక్కన పెట్టింది. కోచ్ అందుబాటులో లేకపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని నియమాల్లోనే ఉంది. ఓల్ మిస్‌ని కిందికి నెట్టేస్తే?

సైనింగ్‌డే · డిసెంబర్ 8, సోమవారం

నెట్టలేదు. ప్లేఆఫ్‌లో ఆరో సీడ్, మొదటి ఆట సొంతగడ్డ మీదే, ప్రత్యర్థి టులేన్.

ఇందులో ఇంకో సంగతి ఉంది. టులేన్ కోచ్ జాన్ సమ్రాల్ ఫ్లోరిడాకి ఒప్పుకున్నాడు. మరో ప్లేఆఫ్ జట్టు జేమ్స్ మాడిసన్ కోచ్ బాబ్ చెస్నీ యూసీఎల్‌ఏకి. ఇద్దర్నీ ప్లేఆఫ్ దాకా ఉండనిచ్చారు. కరీంనగర్ అడిగిన ప్రశ్నకి ఇక్కడే జవాబుంది. టులేన్‌కీ ఫ్లోరిడాకీ వైరం లేదు, ఒకే కాన్ఫరెన్స్ కాదు, ఒకే పిల్లల కోసం ఎప్పుడో తప్ప పోటీ పడరు. అక్కడ నమ్మకం మీద నడుస్తుంది. ఓల్ మిస్, ఎల్‌ఎస్‌యూ మధ్య నడవదు.

బయౌట్_లెక్కలు · డిసెంబర్ 8

అసిస్టెంట్ల సంగతి మాత్రం వేరేగా తేలింది. ఆఫెన్స్ నడిపే చార్లీ వైస్ జూనియర్ కిఫిన్‌తో ఎల్‌ఎస్‌యూకి ఒప్పుకున్నా, ప్లేఆఫ్ వరకు ఓల్ మిస్‌కి ప్లేలు పిలుస్తాడు, అంటే ఏ ఎత్తుగడ ఆడాలో చెప్తాడు. ఇది రెండు వైపులా ఒప్పుకుంటేనే అవుతుంది. చాంబ్లిస్‌కి హెడ్‌సెట్‌లో రోజూ వినే గొంతు అదే కాబట్టి మార్చకపోవడం మంచిదే. అయితే పోర్టల్ తెరిచాక జరిగే ఆటలకి ఎవరు ఉంటారు, ఎవరు బాటన్ రూజ్‌లో ఉంటారన్నది వారంవారం మారే ప్రమాదం ఉంది. ప్రాక్టీస్ షెడ్యూల్‌కి అది మంచిది కాదు.

ఎర్రజెర్సీ · 2026 జనవరి 2, శుక్రవారం

టులేన్ మీద 41–10. నిన్న న్యూ ఆర్లియన్స్‌లో షుగర్ బౌల్ (ప్లేఆఫ్ క్వార్టర్ ఫైనల్), జార్జియా మీద 39–34! అక్టోబర్ 18న 43–35తో మనల్ని ఓడించిన అదే జార్జియా. రెగ్యులర్ సీజన్‌లో మన ఏకైక ఓటమి అదే. అది కూడా ఎల్‌ఎస్‌యూ రాష్ట్రంలోనే తీర్చుకున్నాం. గోల్డింగ్‌కి హెడ్ కోచ్‌గా ఇది రెండో ఆట మాత్రమే. ఆ కుర్రాళ్లని చూస్తే కళ్లు చెమర్చాయి.

కరీంనగర్_క్వార్టర్‌బ్యాక్ · జనవరి 2

నేను అడిగిన మాట వెనక్కు తీసుకుంటున్న అన్నా. కార్టర్ చేసిందే కరెక్ట్.

పాత_ప్రెస్‌బాక్స్ · జనవరి 9, శుక్రవారం

ప్లేఆఫ్ సెమీఫైనల్ ఫియెస్టా బౌల్‌లో మయామీ వర్సిటీ చేతిలో 31–27. ఫైనల్‌కి ఒక్క అడుగు దూరంలో ఆగిపోయారు. కిఫిన్ ఉంటే గెలిచేవాళ్లని ఇప్పుడు అనేవాళ్లుంటారు. జార్జియా మీద గెలిచిన వారానికే ఆ మాట ఎలా అంటారో నాకు తెలియదు. నిన్న లోటు కనిపించింది కోచింగ్ సిబ్బందిలో. కొందరు అసిస్టెంట్లు అప్పటికే బాటన్ రూజ్ పనిలో పడ్డారు. బయౌట్ గారు డిసెంబర్‌లో రాసింది అక్షరాలా జరిగింది.

సైనింగ్‌డే · జనవరి 9

పోర్టల్ ఇంకా వారం ఉంది, 16 అర్ధరాత్రి దాకా. ఓల్ మిస్ నుంచి ఎవరైనా ఎల్‌ఎస్‌యూకి పోతున్నారని విన్నా, ఆటగాడో వర్సిటీయో ప్రకటించేవరకు ఇక్కడ పేర్లు రాయకండి. పోర్టల్‌లో పేరు ఉండటానికీ, వేరే చోట చేరడానికీ తేడా ఉంది. పేరు పెట్టి వెనక్కి తీసుకునేవాళ్లు ఏటా ఉంటారు.

సీమ_లైన్‌బ్యాకర్ · జనవరి 9

ఎస్‌ఈసీ 2026 షెడ్యూల్‌లో ఎల్‌ఎస్‌యూ ఎప్పుడొస్తుంది?

ఎర్రజెర్సీ · జనవరి 9

సెప్టెంబర్ 19, శనివారం. ఆక్స్‌ఫర్డ్‌లోనే. ఆ రోజు కోసం కొత్త చర్చ ఆగస్టులో తెరుస్తాను.